పక్షవాతం తర్వాత మింగుడు పరీక్ష: నీళ్లతోనా, ముక్కులోంచి కెమెరాతోనా?

మా పెద్దనాయనకు పక్షవాతం వచ్చి కర్నూలులో ఆసుపత్రిలో చేర్చినప్పుడు నర్సమ్మ మొదట అడిగింది, "నోట్లో ఏమన్నా పోశారా?" అని. మింగుడు చూడకుండా మాత్ర కూడా వేయకూడదట.

మంచం దగ్గర చేసేది నీళ్ల పరీక్ష. నిటారుగా కూర్చోబెట్టి ముందు చెంచాతో పోస్తారు. తట్టుకుంటే 90 మి.లీ. ఆపకుండా తాగమంటారు. దగ్గు వచ్చినా, గొంతు మారినా పరీక్ష తప్పినట్టే. పెద్దనాయన రెండో చెంచాకే "ఆ" అంటే గొంతులో నీళ్లు గురగురలాడాయి. ఖర్చు లేని పని, నిమిషాల్లో అయిపోతుంది.

కానీ కొందరికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గే రాదు. నాకు భయం అక్కడే. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం దించే ఎండోస్కోపీలో, రంగు కలిపిన ముద్ద ఎటు పోతోందో, గొంతులో ఎక్కడ మిగిలిందో కనబడుతుంది. ఎక్స్‌రే అక్కర్లేదు. మింగే ఆ ఒక్క క్షణంలో మాత్రం తెర తెల్లబడి ఏమీ కనబడదు. పైగా అనుభవమున్నవాళ్లు కావాలి, అన్నిచోట్లా దొరకదు.

నన్నడిగితే, నీళ్ల పరీక్ష మొదటిరోజే అందరికీ జరగాలి. తప్పినవాళ్లకు, పాసైనా మాటిమాటికీ జ్వరం, కఫం వచ్చేవాళ్లకు ఎండోస్కోపీ గురించి డాక్టరును గట్టిగా అడగండి. అంతవరకు మెత్తగా ఉంటుంది కదా అని సంగటి ముద్ద పెట్టొద్దు, బలం తగ్గిన గొంతుకు అది అంటుకుపోతుంది.