కౌబాయ్స్ టికెట్ కొనే ముందు: డల్లాస్‌లో ఒక ఫుట్‌బాల్ వారాంతం

అమెరికా వెళ్లే మనవాళ్ల లిస్టులో నయాగరా ఉంటుంది, న్యూయార్క్ ఉంటుంది, గ్రాండ్ కాన్యన్ ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మాత్రం ఉండదు. ఆట అర్థం కాదేమోనన్న జంకు ఒకటి, టికెట్ రేటు చూసి వెనక్కి తగ్గడం ఇంకొకటి. నేనూ అక్కావాళ్లింటికి ఊరికే చూసిపోదామనే బయల్దేరాను. మా మేనల్లుడు డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో, ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో కవాతు చేస్తూ వాయించే హైస్కూలు మార్చింగ్ బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తాడు. "మామయ్యా, స్టేట్ ఫెయిర్ జాతర ఉన్నప్పుడు రా, శుక్రవారం, శనివారం, ఆదివారం మూడు రకాల ఫుట్‌బాల్ చూపిస్తా" అన్నాడు. ప్లానంతా వాడిదే, డ్రైవింగు బావది. ఆదివారం చూడబోయేది డల్లాస్ టీము కౌబాయ్స్‌ని.

ఈ మూడు రోజుల లెక్క వెనక ఒక చట్టం ఉంది. 1961లో వచ్చిన స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ యాక్ట్ వల్ల సెప్టెంబర్ రెండో శుక్రవారం నుంచి డిసెంబర్ రెండో శనివారం దాకా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్ శుక్రవారం సాయంత్రాలు, శనివారాల జోలికి రాదు. వస్తే టీవీ ఒప్పందాలకి ఉన్న చట్ట రక్షణ పోతుంది. అలా శుక్రవారం రాత్రి హైస్కూళ్లకి, శనివారం కాలేజీలకి, ఆదివారం ఎన్ఎఫ్ఎల్‌కి మిగిలాయి. టూరిస్టుకి ఇంతకన్నా కలిసొచ్చే ఏర్పాటు ఏముంటుంది? ఒకే వారాంతంలో మూడూ చూడొచ్చు.

ముందు తారీఖుల సంగతి. ఎన్ఎఫ్ఎల్ షెడ్యూల్ మే నెలలో వస్తుంది, సీజన్ సెప్టెంబర్ మొదట్లో మొదలై జనవరి మొదటి వారాల దాకా నడుస్తుంది. ఒక్కో టీముకి పదిహేడు మ్యాచ్‌లు, అందులో సొంత ఊళ్లో జరిగేవి ఎనిమిదో తొమ్మిదో. కాబట్టి విమానం టికెట్టు ముందు కొని తర్వాత మ్యాచ్ వెతుక్కుంటే ఆ వారం టీము వేరే ఊళ్లో ఉండొచ్చు, లేదా వాళ్లకి ఆ వారం ఆటే లేకపోవచ్చు. ఇంకో మెలిక, ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌ని టీవీ కోసం అదే రోజు రాత్రికి జరిపే హక్కు లీగుకి ఉంది. ఆదివారం రాత్రే తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు, సోమవారం సాయంత్రానికి పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి నేరుగా విమానం లేదు, దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో వెళ్లాలి. దిగిన మర్నాడే స్టేడియంలో కూర్చుంటే ఆటలోని నాలుగు క్వార్టర్లలో రెండోదానికే కళ్లు మూతలు పడతాయి. కనీసం నాలుగు రోజులు ఆగాలి.

శుక్రవారం మ్యాచ్ ఫ్రిస్కోలోని ఫోర్డ్ సెంటర్‌లో. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న 'ద స్టార్' ఆవరణలో 2016లో కట్టిన ఇండోర్ స్టేడియం ఇది. పన్నెండు వేల సీట్లు, నిండా ఏసీ. కౌబాయ్స్ ప్రాక్టీసు చేసుకునే చోటే ఊరి హైస్కూలు పిల్లలూ ఆడతారు. టికెట్ సినిమా టికెట్టంత, పార్కింగ్ తలనొప్పి లేదు. గ్యాలరీలో మన ముఖాలు చాలానే కనిపించాయి. పిల్లలు మైదానంలో కన్నా బ్యాండులో ఎక్కువగా ఉన్నారు, తల్లిదండ్రులు వాలంటీర్లుగా బ్యాండు సామాను తోసుకుంటూ తిరుగుతున్నారు. చిన్నపిల్లలతోనో, అమ్మానాన్నలతోనో వచ్చినవాళ్లకి మొదటి మ్యాచ్ ఇదైతేనే మంచిది. నాకు రూల్సు తెలిసింది ఇక్కడే.

రూల్సు నిజానికి అంత బెదిరిపోయేవి కావు. కబడ్డీలో రైడర్ని పట్టేసినట్టు బంతి ఉన్నవాణ్ని పడగొట్టడమే పని, పడిన చోటినుంచి మళ్లీ మొదలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే ఇంకో నాలుగు ప్రయత్నాలు వస్తాయి, లేకపోతే బంతి అవతలివాళ్లది. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ తర్వాత కిక్కు కొడితే ఇంకొకటి. అంతదూరం వెళ్లలేక, చివర ఉన్న రెండు స్తంభాల మధ్య నుంచి బంతిని తంతే మూడు. ఇంత తెలిస్తే చాలు. మిగతావి పక్కవాళ్ల అరుపుల్ని బట్టి తెలిసిపోతాయి.

శనివారం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది అదే. సెప్టెంబర్ ఆఖరి నుంచి ఇరవై నాలుగు రోజులు డల్లాస్ ఫెయిర్ పార్క్‌లో స్టేట్ ఫెయిర్ ఆఫ్ టెక్సస్ జరుగుతుంది. ఆ ఆవరణ మధ్యలోనే కాటన్ బౌల్ స్టేడియం. కౌబాయ్స్ కూడా 1960 నుంచి 1971 దాకా ఇక్కడే ఆడారు. ఆ తర్వాత ఇర్వింగ్‌కి వెళ్లారు, ఇప్పుడు మనవాళ్ల బిర్యానీ హోటళ్లకి పేరుపడిన ఇర్వింగే. ఫెయిర్ జరిగేటప్పుడు కాటన్ బౌల్‌లో టెక్సస్, ఓక్లహోమా యూనివర్సిటీల మధ్య పెద్ద మ్యాచ్ ఉంటుంది. స్టేడియం సరిగ్గా సగం నారింజ, సగం ఎరుపు. చూడాల్సిందే, కానీ ఆ టికెట్ కౌబాయ్స్ టికెట్‌ని మించిపోతుంది. దాని బదులు మేనల్లుడు పట్టుబట్టి తీసుకెళ్లింది స్టేట్ ఫెయిర్ క్లాసిక్‌కి, అంటే గ్రాంబ్లింగ్ స్టేట్, ప్రెయిరీ వ్యూ ఏ అండ్ ఎం యూనివర్సిటీల మ్యాచ్‌కి.

రెండూ నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన విద్యాసంస్థలు, తెల్లవాళ్ల కాలేజీల్లో వాళ్లని చేర్చుకోని రోజుల్నాటివి. ఈ మ్యాచ్‌లో జనం సమోసాకో సోడాకో లేచేది ఆట జరుగుతున్నప్పుడు. హాఫ్ టైమ్‌లో ఎవరూ కదలరు. బ్యాండులు దిగేది అప్పుడే మరి. గ్రాంబ్లింగ్ బ్యాండు 1967లో జరిగిన మొదటి సూపర్ బౌల్‌లో, అంటే ఫుట్‌బాల్ ఫైనల్లో, వాయించిన బ్యాండు. బ్యాండుని నడిపించే డ్రమ్ మేజర్ నడుము వెనక్కి వంచి తల నేలకి ఆనించబోతుంటే స్టేడియమంతా లేచి నిలబడింది. మా వాడైతే ఫోను కూడా తీయకుండా కళ్లార్పకుండా చూశాడు. మ్యాచ్ అయ్యాక రెండు బ్యాండులూ గ్యాలరీల్లో ఎదురెదురుగా నిలబడి పాటకి పాట వాయిస్తాయి, దాన్ని ఫిఫ్త్ క్వార్టర్ అంటారు. తెలియనివాళ్లు స్కోరు చూసి వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి.

డబ్బు లెక్కలో కూడా ఇదే మేలు. మా టికెట్ మర్నాటి కౌబాయ్స్ టికెట్‌లో సగం కన్నా తక్కువ, అందులోనే ఫెయిర్ ప్రవేశం కలిసి వచ్చింది. 1936 నాటి పాత భవనాలు, బిగ్ టెక్స్ అనే యాభై అయిదు అడుగుల కౌబాయ్ బొమ్మ, జెయింట్ వీల్, నూనెలో వేయించిన ప్రతి ఒక్కటీ. కార్నీ డాగ్ అని పుల్లకి గుచ్చి ఇచ్చేదాంట్లో మాంసం ఉంటుంది, శాకాహారులు అడిగి తినాలి. పైగా రైలు ఉంది. ఫ్రిస్కోకి డల్లాస్ సిటీ రైలు డార్ట్ రాదు కాబట్టి నార్త్ కారొల్టన్ స్టేషన్లో కారు పెట్టి గ్రీన్ లైన్ ఎక్కాం, మారే పని లేకుండా ఫెయిర్ పార్క్ గేటు ముందే దింపింది. ఇబ్బందల్లా ఎండ, వెన్ను ఆనించడానికి లేని బెంచీలు. సాయంత్రం మ్యాచే అయినా టోపీ తప్పదు. అక్క మాత్రం రాలేదు. ఆ రోజే బతుకమ్మ, "మీ ఆటలకి నా బతుకమ్మ మానేయాలా" అని నిలదీసింది. దసరా రోజులకీ ఫుట్‌బాల్ సీజన్‌కీ డల్లాస్‌లో ప్రతి ఏడూ ఈ తగువు ఉంటుందట.

ఇక ఆదివారం కౌబాయ్స్ సొంత మైదానం, ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియం. 2009లో తెరిచారు, ఎనభై వేల సీట్లు, నిలబడేవాళ్లని కలుపుకుంటే లక్ష దాకా పడతారు. పైకప్పు తెరుచుకుంటుంది. ఇంత పెద్ద స్టేడియం ఉన్న ఊరికి మామూలు సిటీ బస్సులు లేవు. డల్లాస్, ఫోర్ట్ వర్త్ మధ్య నడిచే టీఆర్ఈ రైలు దరిదాపుల్లోంచి వెళ్తుంది గానీ అది సోమవారం నుంచి శనివారం దాకానే. అంటే కారు, లేదా ట్యాక్సీ యాప్. స్టేడియంవాళ్ల పార్కింగ్ ముందే ఆన్‌లైన్లో కొనుక్కోవాలి, రేటు ఒక మాదిరి హోటల్ గది అద్దెకి దగ్గర్లో ఉంటుంది. బావ ఇరవై నిమిషాల నడకలో, ఇంటర్‌స్టేట్ 30 హైవేకి దారి ఉన్న ప్రైవేటు పార్కింగ్ లాట్ చూశాడు. తిరుగు ప్రయాణంలో ఆ ఎంపిక విలువ తెలిసింది. మాతో మ్యాచ్ చూసిన బావ స్నేహితుడు మాత్రం ట్యాక్సీ యాప్ నమ్ముకున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు పొద్దున ఇచ్చిన ఛార్జీకి నాలుగింతలు చూపించింది, పైగా కారు గంట తర్వాత వచ్చింది. ఒంటరిగా వచ్చే టూరిస్టు దీనికి సిద్ధపడాలి, లేదా మ్యాచ్ అవగానే పక్కనున్న టెక్సస్ లైవ్ అనే హోటళ్ల, వినోదాల సముదాయంలో గంటన్నర కూర్చుని రద్దీ తగ్గాక బయల్దేరాలి.

మధ్యాహ్నం పన్నెండింటి మ్యాచ్‌కి ఎనిమిదిన్నరకే చేరాం. పార్కింగ్ లాట్లలోనే పండగంతా. ట్రక్కు వెనక తలుపు దించి, గ్రిల్ వెలిగించి, టీవీ పెట్టుకుని కుటుంబాలకి కుటుంబాలు. దీన్నే టెయిల్‌గేటింగ్ అంటారు. పిలవకుండా ఎవరి గుడారంలోకీ దూరకూడదు. నవ్వి, "ఇదే నా మొదటి మ్యాచ్" అని ఒక్క మాట అంటే చాలు, ప్లేటు చేతిలో పెడతారు. నాకు బ్రిస్కెట్ (గొడ్డుమాంసం) వద్దంటే మొక్కజొన్న కాల్చి ఇచ్చారు. టికెట్ లేకపోయినా ఈ రెండు గంటలకి వెళ్లొచ్చనిపించింది.

గేటు దగ్గర మూడు విషయాలు జాగ్రత్త. బ్యాగు పారదర్శకంగా ఉండాలి, పన్నెండు అంగుళాల ఎత్తూ పన్నెండు అంగుళాల వెడల్పూ దాటకూడదు. మామూలు హ్యాండ్‌బ్యాగ్ తెచ్చిన ఆడవాళ్లు అంతదూరం కారుకి వెనక్కి నడవడం చూశాను. టికెట్ ఫోన్లోనే ఉంటుంది, ప్రింటు చెల్లదు. గేటు దగ్గర వేలమంది ఒకేసారి నెట్ వాడతారు కాబట్టి రోమింగ్‌ని నమ్ముకోకుండా ఇంటి దగ్గరే ఫోన్లోని వాలెట్ యాప్‌లో వేసుకోవాలి. లోపల డబ్బు నోట్లు పనికిరావు, కార్డే. మన కార్డుల్లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేయించుకుని రండి. కొన్ని టికెట్ సైట్లు అయిదంకెల జిప్ కోడ్ తప్ప మన ఆరంకెల పిన్ కోడ్ తీసుకోవు, బంధువుల చేత కొనిపించడం సులువు. బీరు తాగేవాళ్లు అసలు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి.

సీటు ఎక్కడన్నదానికి నా సమాధానం, పైన, మధ్య గీతకి దగ్గరగా. కింద ముందు వరసల్లో కూర్చుంటే, నిలబడ్డ ఆటగాళ్ల వీపులు తప్ప ఏం కనపడదు. పైనుంచి ఎవరు ఎటు పరుగెత్తుతున్నారో బొమ్మ గీసినట్టు తెలుస్తుంది. అన్నిటికన్నా చవకైన పార్టీ పాస్ తీసుకుంటే నిలబడాలి, గేటు తీయగానే పరుగు పందెం. కుర్రాళ్లకి సరే, అమ్మానాన్నలకి వద్దు. మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ అయితే పడమటి అద్దాల్లోంచి ఎండ సూటిగా కొడుతుంది, పడమరకి ఎదురుగా కూర్చునేవాళ్లు చలవ కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఆ ఎండలో ఆటగాళ్లకే బంతి కనపడని సందర్భాలున్నాయి.

నెత్తిన వేలాడే తెర నూట అరవై అడుగుల పొడవు, డెబ్బై రెండు అడుగుల ఎత్తు. 2009 ఆగస్టులో ఇక్కడ కౌబాయ్స్ ఆడిన తొలి మ్యాచ్‌లోనే ప్రత్యర్థి టీము టెన్నెసీ టైటన్స్‌లో బంతిని దూరంగా తన్నే ఆటగాడు (పంటర్) తన్నిన బంతి దానికి తగిలింది. నిజం చెప్పాలంటే అదే స్టేడియం బలం, అదే బలహీనత. మైదానంలో ఏం జరుగుతున్నా కళ్లు తెర మీదికే పోతాయి. ఇంతదూరం వచ్చి టీవీ చూస్తున్నానా అనిపించింది. మూడు గంటల పైచిలుకు సాగే మ్యాచ్‌లో బంతి నిజంగా కదిలేది పదకొండు నిమిషాల చిల్లరే. మిగతాది వ్యూహాలు, ప్రకటనల విరామాలు, రిఫరీల వీడియో రివ్యూలు. పక్కన తెలిసినవాళ్లు లేకపోతే విసుగొస్తుంది. ఇంకొకటి, మన టీము చేతిలో బంతి ఉన్నప్పుడు అరవకూడదు. ప్రత్యర్థి దాడి చేసేటప్పుడే గొంతు చించుకోవాలి, వాళ్ల దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ మాట వాళ్లకే వినపడకుండా. నేను రివర్సులో కేకేసినప్పుడు ముందు వరస పెద్దాయన వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టి నవ్వాడు.

బస మాటకొస్తే, చుట్టాలు లేనివాళ్లు స్టేడియం పక్క హోటళ్లలో దిగాలా? మ్యాచ్ వారాంతంలో అక్కడి రేట్లు బాగా పెరుగుతాయి. నడిచి వెళ్లొచ్చే సుఖం తప్ప చుట్టూ కారు లేకుండా తిరిగే వీల్లేదు. అంత పెట్టదలచుకోకపోతే ఇర్వింగ్ లాస్ కొలీనాస్ వైపు దిగండి. విమానాశ్రయం నుంచి డార్ట్ ఆరెంజ్ లైన్ ఉంది, శనివారం కాటన్ బౌల్‌కి రైల్లో వెళ్లొచ్చు, ఆదివారం ఆర్లింగ్టన్‌కి ట్యాక్సీ దూరం తగ్గుతుంది, రాత్రి ఎనిమిదింటికి ఇడ్లీ దొరుకుతుంది. ఫ్రిస్కో మాత్రం చుట్టాలిల్లు ఉంటేనే, ఆర్లింగ్టన్ అక్కడికి నలభై మైళ్లు. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ గురువారం కౌబాయ్స్ 1966 నుంచి ఆడుతున్నారు. ఆ వారం విమానాలు, హోటళ్లు, టికెట్లు మూడూ మండుతుంటాయి, మొదటిసారికి వద్దు.

వేరే ఊళ్లలో చుట్టాలున్నవాళ్లు డల్లాస్ దాకా రానక్కర్లేదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటే మెట్‌లైఫ్ స్టేడియంకి సెకాకస్‌లో మారి రైల్లో వెళ్లొచ్చు, అక్కడ జెయింట్స్, జెట్స్ రెండు టీములూ ఆడతాయి కాబట్టి దాదాపు ప్రతివారం మ్యాచ్ ఉంటుంది. కాలిఫోర్నియా శాంటా క్లారాలో లీవైస్ స్టేడియం గేటు దగ్గరికే లైట్ రైల్ వస్తుంది, తూర్పు వైపు సీట్లు ఎండకి మాడతాయి. సియాటిల్లో రైలు దిగి నడిస్తే చాలు. గ్రీన్ బేలో టీముకి యజమానులు వాటాలు కొన్న అభిమానులే, లాంబో ఫీల్డ్ 1957 నాటిది, పైకప్పు లేదు. డిసెంబర్‌లో అక్కడికి పోదామని బావ ఇప్పటినుంచే అంటున్నాడు. అక్కా నేనూ ఇంకా ఒప్పుకోలేదు.