క్రోన్‌ప్లాట్జ్ కొండ మీద ఛాయాచిత్రాల మ్యూజియం

ఇటలీ ఉత్తరాన, ఆస్ట్రియా సరిహద్దుకు దగ్గరలోని దక్షిణ టిరోల్‌లో 2,275 మీటర్ల ఎత్తున్న క్రోన్‌ప్లాట్జ్ కొండ మీద, పాత రోప్‌వే స్టేషన్‌ను మార్చి 2018 డిసెంబరులో తెరిచిన లూమెన్ అనే పర్వత ఛాయాచిత్రాల మ్యూజియాన్ని చూడటానికి జూలైలో నేనూ మా శ్రీమతీ వెళ్లాము. బస బ్రూనెక్ పట్టణంలో. గది శుభ్రంగానే ఉంది కానీ, అతిథులకు బస్సులు ఉచితమయ్యే పాసు ఇస్తారన్న సంగతిని హోటల్ వారు రెండో రోజుకు గాని చెప్పలేదు.

రోప్‌వే ఎక్కినప్పుడు ఎండ కాస్తున్నా, పైకి చేరేసరికి పది గజాల అవతల ఏమీ కనిపించనంతగా మబ్బు కమ్మింది. డబ్బు నీళ్లపాలైందని మా శ్రీమతి తేల్చేసింది. నిజానికి ఆ మబ్బే మేలు చేసింది; నాలుగు అంతస్తుల్లో 1,800 చదరపు మీటర్ల మేర పరచుకున్న ప్రదర్శనను మూడు గంటలపాటు నిదానంగా చూడగలిగాము.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది పర్వతశ్రేణులను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూపించే చిత్రాల ముందు. కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుతూ వరుసగా తీసిన ఫొటోలను పక్కపక్కన అతికించి ఇలాంటివి తయారుచేసేవారు. 1899లో కాంచనజంగ చుట్టూ తిరిగి వచ్చిన ఇటలీ ఛాయాగ్రాహకుడు విట్టోరియో సెల్లా ఈ పనిలో పేరుమోసినవాడు. మబ్బు కదలకముందే తిప్పుడంతా పూర్తి చేయకపోతే అతుకు దగ్గర ఆకాశం తేడా కొడుతుంది మరి.

పూర్వం రోప్‌వే పెట్టె లోపలికి వచ్చిన గోడ కంతను ఇప్పుడు పెద్ద కెమెరా షట్టర్‌లా తీర్చారు. మూసి ఉన్నంతసేపూ దాని మీద బొమ్మలు పడుతుంటాయి, తర్వాత రేకులు విచ్చుకుని బయటి కొండలు కనిపించాలి. మాకు మొదటిసారి కనిపించింది సున్నం కొట్టిన గోడ లాంటి తెలుపు. గంటన్నర తర్వాత మళ్లీ వెళితే, మబ్బు చీలి ఒక మంచుకొండ అంచు మాత్రం బయటపడింది.

అదే కొండ మీద వాస్తుశిల్పి జాహా హదీద్ రూపకల్పన చేసిన, పర్వతారోహకుడు రైన్‌హోల్డ్ మెస్నర్ పేరిట ఉన్న మెస్నర్ మ్యూజియం 2015 నుంచి ఉంది. చాలా భాగం భూమిలోపలే ఉన్న ఆ కట్టడం అందమైనదే గాని, ఒక్కదానికే సమయముంటే నేను లూమెన్‌నే ఎంచుకుంటాను. అక్కడి ఆల్పిన్ రెస్టారెంటు మా బడ్జెట్‌కు మించినది కనుక, వేరేచోట రొట్టె, పాలకూర కలిపి చేసిన ఉండలతో కడుపు నింపుకున్నాము.

దిగేటప్పుడు మా శ్రీమతి ఆ మంచు అంచును ఫోన్‌లో మూడు ముక్కలుగా తీసి అతికించబోయింది. రెండో ముక్కలో నా టోపీ అడ్డొచ్చింది.