డిస్కులో ఉన్న విండోస్‌నే లినక్స్‌లో నడిపితే: విర్ట్‌ మేనేజర్‌ సమీక్ష

ఒకే కంప్యూటరులో విండోస్‌నూ లినక్స్‌నూ పెట్టుకున్నవారికి ఈ చిరాకు కొత్త కాదు. పనంతా లినక్స్‌లో సాగుతుండగా విండోస్‌లో తప్ప తెరుచుకోని ఫైలొకటి వచ్చిపడుతుంది. తెరిచినవన్నీ మూసి, కంప్యూటరును రీస్టార్ట్‌ చేసి, ఐదు నిమిషాల పని ముగించుకుని, మళ్ళీ రీస్టార్ట్‌ చేసి వెనక్కి రావాలి. వర్చువల్‌ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తోనే కట్టిన కంప్యూటరులో) కొత్తగా మరో విండోస్‌ వేసుకోవచ్చు గానీ, అప్పుడు ప్రోగ్రాములూ సెట్టింగులూ లైసెన్సులూ అన్నీ రెండోసారి సమకూర్చుకోవాలి, అప్‌డేట్లు రెండు చోట్ల చేసుకోవాలి. అలా కాకుండా డిస్కులో ఇప్పటికే ఉన్న విండోస్‌నే, ఫార్మాట్‌ చేయకుండా, కాపీ తీయకుండా లినక్స్‌లో ఒక విండోలో తెరిచి, కావలసినప్పుడు అదే విండోస్‌ను నేరుగా బూట్‌ చేసుకునే వీలు కూడా నిలుపుకోవాలన్నది నా కోరిక. ఏడాదిగా ఆ పద్ధతిలోనే పని చేసుకుంటున్నాను. అందులో సుఖమెంతో, అందుకు పడిన పాట్లేమిటో ఇక్కడ చెబుతాను.

నేను వాడుతున్నది లినక్స్‌లో వర్చువల్‌ మెషీన్లను నడిపే కెవిఎం, క్యూఎమూ, వాటిని మౌస్‌తో నడిపించుకోవడానికి పనికొచ్చే విర్ట్‌ మేనేజర్‌. కెవిఎం 2007లో 2.6.20 వెర్షన్‌తో లినక్స్‌ కెర్నల్‌లోనే (దాని మూల భాగంలోనే) భాగమైపోయింది కాబట్టి, కెర్నల్‌ అప్‌డేట్‌ అయిన ప్రతిసారీ విడి మాడ్యూల్‌ మొరాయిస్తుందేమోనన్న బెంగ ఇక్కడ లేదు. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్‌ వర్చువల్‌బాక్స్‌తోనూ ఈ పని అవుతుంది. అయితే అసలు డిస్కు ఎక్కడుందో చెప్పే చిన్న ఫైలొకటి అందుకు కావాలి, దాన్ని కమాండ్‌ లైనులో తయారుచేసుకోవాలి, మన యూజరుకు ఆ డిస్కును నేరుగా చదివే, రాసే హక్కు కూడా ఇవ్వాలి. ఆ హక్కు కోసం చాలామంది తమ యూజరును ఏకంగా ‘డిస్క్‌’ గ్రూపులో చేర్చేస్తారు. అలా చేస్తే ఆ యూజరు పేరున నడిచే ఏ ప్రోగ్రామైనా ఏ డిస్కునైనా తుడిచేయగలదు, తాళంచెవిని గుమ్మానికే వేలాడదీసి ఊరెళ్ళినట్టు. విర్ట్‌ మేనేజర్‌ వెనక ఉండే లిబ్‌విర్ట్‌ సర్వీసు మాత్రం మెషీన్‌ నడుస్తున్నంతసేపే డిస్కు హక్కును దానికి అప్పగించి, ఆపగానే వెనక్కి తీసుకుంటుంది. నేను ఇటు మొగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

ఏ సాఫ్ట్‌వేర్‌ ఎంచుకున్నా, ఈ పని సులువవుతుందా తలనొప్పి అవుతుందా అన్నది విండోస్‌ ఎక్కడుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. విండోస్‌కు విడిగా ఒక డిస్కు ఉంటే పని చాలావరకు అయిపోయినట్టే. విర్ట్‌ మేనేజర్‌లో కొత్త మెషీన్‌ తయారుచేస్తూ, ఉన్న డిస్కును ఇంపోర్ట్‌ చేసే పద్ధతి ఎంచుకుని, ఇమేజ్‌ ఫైలు అడిగిన చోట ఆ డిస్కు పేరు ఇస్తే చాలు. అయితే ఆ పేరు ‘ఎస్‌డిఎ’, ‘ఎస్‌డిబి’ వంటి పొట్టిపేరు కాకూడదు. బూట్‌ అయిన ప్రతిసారీ అవే పేర్లు అవే డిస్కులకు వస్తాయన్న హామీ లేదు. తయారీ మోడల్‌, సీరియల్‌ నంబరు కలిసి ఉండే పొడుగు పేరు ‘డిస్క్‌ బై ఐడి’ ఫోల్డరులో దొరుకుతుంది, అదే ఇవ్వాలి. పొట్టిపేరు ఇచ్చి, ఒకరోజు అవి తారుమారైతే, నడుస్తున్న లినక్స్‌ డిస్కునే వర్చువల్‌ మెషీన్‌కు అప్పగించిన వాళ్ళమవుతాం.

రెండూ ఒకే డిస్కులో వేర్వేరు పార్టిషన్లలో ఉంటే మాత్రం ఆలోచించుకోవాలి. డిస్కు మొత్తాన్ని ఇస్తే లోపలి మెషీన్‌కు లినక్స్‌ పార్టిషన్‌ కూడా కనిపిస్తుంది. బూట్‌ మెనూలో ఏమరుపాటున లినక్స్‌ను ఎంచుకుంటే, ఒకే ఫైల్‌ సిస్టమ్‌ను ఇద్దరు ఒకేసారి రాయడం మొదలుపెడతారు, ఇక అది బాగుపడే పాడు కాదు. దీనికి ఒక ఉపాయముంది. పార్టిషన్‌ పట్టిక, బూట్‌ పార్టిషన్‌ ఉండే చిన్న ఫైలొకటి, పట్టిక నకలు ఉండే మరో చిన్న ఫైలొకటి తయారుచేసుకుని, విండోస్‌ పార్టిషన్‌ను వాటి మధ్య పెట్టి, డిస్కు ముక్కలను కలిపే లినక్స్‌ సాధనం ఎండిఎడిఎం సాయంతో మూడింటినీ వరసగా అతికించి ఒకే డిస్కులా చూపించవచ్చు. ఒక పాత ల్యాప్‌టాప్‌ మీద ఇది చేసి చూశాను, పనిచేసింది. కానీ ప్రతి బూట్‌కూ ఆ అతుకును మళ్ళీ కట్టుకోవాలి, సెక్టారు లెక్క ఒకటి తప్పినా విండోస్‌కు తన పార్టిషన్‌ కనిపించదు. సరదాకు బాగుంటుంది గానీ, రోజువారీ పనికి నేను సిఫారసు చేయను.

డిస్కు విడిగా ఉన్నా నేను తప్పించుకోలేకపోయిన చిక్కు ఇంకొకటి. మొదటిసారి మెషీన్‌ను స్టార్ట్‌ చేస్తే విండోస్‌ బదులు నల్లటి తెర మీద పసుపు అక్షరాలతో ఏదో పట్టిక కనిపించి, ఐదు నుంచి సున్నా వరకు లెక్కపెట్టి, ‘షెల్‌’ అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఫర్మ్‌వేర్‌కు, అంటే కంప్యూటరును మొదట లేపే ప్రోగ్రాముకు, బూట్‌ చేయడానికి ఏమీ దొరకలేదని దాని అర్థం. డిస్కు సరైనదే, పేరూ సరైనదే. గంటసేపు తల పట్టుకున్నాక తప్పు నాదేనని తెలిసింది. విండోస్‌ ఇన్‌స్టాల్‌ చేసిన రోజు రెండు డిస్కులూ తగిలించే ఉన్నాయి. రెండో డిస్కులో అప్పటికే ఒక ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ (బూట్‌ ఫైళ్ళు ఉండే చోటు) ఉండడంతో ఇన్‌స్టాలర్‌ తన బూట్‌ ఫైళ్ళను అక్కడే పెట్టేసింది. విండోస్‌ డిస్కులో విండోస్‌ ఉంది గానీ, దాన్ని లేపే ఫైళ్ళు లేవు. నేరుగా విండోస్‌లోకి వెళ్ళి, ఆ డిస్కులో కొంచెం చోటు కుదించి, వంద ఎంబీల ఫ్యాట్‌32 పార్టిషన్‌ను ఈఎఫ్‌ఐ రకంగా చేసి, విండోస్‌తోనే వచ్చే బిసిడిబూట్‌తో బూట్‌ ఫైళ్ళు అందులో వేశాక ఈ కథ కంచికి చేరింది. మీరు ఈ పని మొదలుపెట్టే ముందు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ ఏ డిస్కులో ఉందో చూసుకుంటే ఆ గంట మిగులుతుంది.

విండోస్‌ వైపు ముందుగా చక్కబెట్టుకోవలసినవి రెండున్నాయి. మొదటిది ఫాస్ట్‌ స్టార్టప్‌. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌ నొక్కినా విండోస్‌ పూర్తిగా ఆగదు. కెర్నల్‌ స్థితిని డిస్కులో దాచుకుని నిద్రపోతుంది. ఒక హార్డ్‌వేర్‌ మీద నిద్రపోయినదాన్ని మరో హార్డ్‌వేర్‌ మీద లేపడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. హైబర్నేషన్‌ను మొత్తంగా ఆపేస్తే ఇదీ ఆగిపోతుంది. రెండోది డిస్కును ఎన్‌క్రిప్ట్‌ చేసే బిట్‌లాకర్‌. దాని తాళం కంప్యూటరులో కీలను దాచే టిపిఎం చిప్పుకు కట్టుబడి ఉంటుంది, వర్చువల్‌ మెషీన్‌లో ఆ చిప్పు ఉండదు. కాబట్టి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలా ల్యాప్‌టాపుల్లో యజమానికి తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్‌ అయి ఉంటుంది కనుక, ఆ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసుకోకుండా ముందుకు వెళ్ళవద్దు. నేను రోజూ 48 అంకెలు కొట్టలేక ఆ డిస్కుకు బిట్‌లాకర్‌ తీసేశాను. అందులో రహస్య పత్రాలు ఉన్నవారు అలా చేయకూడదు.

భయస్తులకు (మొదట్లో నేనూ భయస్తుడినే) ఒక మంచి వెసులుబాటు ఉంది. డిస్కును నేరుగా ఇవ్వకుండా, దాని మీద క్యూకౌ2 రకం ఓవర్‌లే ఫైలు ఒకటి పరిచి మెషీన్‌కు ఆ ఫైలును ఇవ్వవచ్చు. చదివేది అసలు డిస్కు నుంచే అయినా, రాసేదంతా ఆ ఫైలులోకి పోతుంది. ప్రయోగం చెడితే ఫైలును పారేస్తే సరి, డిస్కులో ఒక్క బిట్‌ కూడా మారదు. ఆ ఫైలు వాడుకలో ఉన్నన్నాళ్ళూ విండోస్‌ను నేరుగా బూట్‌ చేయకూడదన్నది ఒక్కటే షరతు, ఎందుకంటే కింద డిస్కు మారితే పైన ఫైలుకు అర్థం ఉండదు. మొదటి మూడు రోజులు ఇలాగే గడిపి, ధైర్యం వచ్చాకే డిస్కును నేరుగా అప్పగించాను.

విర్ట్‌ మేనేజర్‌లో మెషీన్‌ తయారుచేసేటప్పుడు, ఇన్‌స్టాల్‌కు ముందు సెట్టింగులు మార్చుకుంటానన్న గడిని తప్పక టిక్‌ చేయాలి. విండోస్‌ కొత్త బూట్‌ పద్ధతి అయిన యుఈఎఫ్‌ఐలో ఉంటే ఫర్మ్‌వేర్‌ను ఆ దశలోనే యుఈఎఫ్‌ఐకి మార్చాలి, తర్వాత ఈ స్క్రీన్లలో దాన్ని మార్చే వీలుండదు. డిస్కు బస్‌ (డిస్కును తగిలించే పద్ధతి) మొదట శాటా అనే ఉండాలి. వేగం కోసం తొలి బూట్‌లోనే వర్చువల్‌ మెషీన్ల కోసమే చేసిన వర్టియోకు మారిస్తే, ఆ డ్రైవరు విండోస్‌లో ఉండదు కాబట్టి ‘ఇనాక్సెసిబుల్‌ బూట్‌ డివైస్‌’ అంటూ నీలితెర ప్రత్యక్షమవుతుంది. శాటాతో బూట్‌ చేసి, ఉత్త ఒక జీబీ వర్టియో డిస్కును పక్కన తగిలించి, ఫెడోరా వాళ్ళు అందించే వర్టియో డ్రైవర్ల ఐఎస్‌ఓ నుంచి దానికి డ్రైవరు వేసి, అది కనిపించాక షట్‌డౌన్‌ చేసి, అప్పుడు అసలు డిస్కును వర్టియోకు మార్చాలి. ఈ వరస పాటిస్తే ఒక్క తడబాటు లేకుండా అవుతుంది. ఇందులో డాక్యుమెంటేషన్‌ చదివే ఓపిక కావాలే తప్ప ప్రతిభ అక్కరలేదు.

ఓఎస్‌ రకాన్ని విండోస్‌ అని సరిగ్గా ఎంచుకుంటే గడియారం లోకల్‌ టైముకు మారడం, వర్చువల్‌ మెషీన్‌లో విండోస్‌ను చురుగ్గా నడిపే కొన్ని హైపర్‌-వి సౌకర్యాలు ఆన్‌ కావడం వంటివి విర్ట్‌ మేనేజరే చూసుకుంటుంది. ప్రాసెసరు అమరికను మాత్రం మనం ఒకసారి చూడాలి. నాలుగు కోర్లు ఇచ్చినా విండోస్‌ చాలా నెమ్మదిగా కదులుతుంటే టాస్క్‌ మేనేజర్‌ తెరిచి చూశాను, ఒక్కటే కనిపించింది. నా అమరికలో నాలుగూ నాలుగు వేర్వేరు సాకెట్లుగా, అంటే నాలుగు విడి ప్రాసెసర్లుగా, పడ్డాయి. విండోస్‌ హోమ్‌ ఒక్క సాకెట్‌నే, ప్రో రెండింటినే వాడుకుంటాయి. ఒకే సాకెట్‌, నాలుగు కోర్లు అని దిద్దగానే ప్రాణం లేచివచ్చింది.

ఇక రోజువారీ అనుభవం. పదహారు జీబీల ర్యామ్‌లో ఎనిమిది దీనికి ఇచ్చాను. ఆఫీసు ఫైళ్ళు, అకౌంట్లు, స్కానరు వంటి పనుల్లో ఇది వర్చువల్‌ మెషీన్‌ అన్న సంగతే మరచిపోతాను. యుఎస్‌బి పరికరాన్ని మెనూలోంచి లోపలికి పంపడం రెండు క్లిక్కుల పని. తెర దగ్గరే తేడా తెలుస్తుంది. స్పైస్‌ గెస్ట్‌ టూల్స్‌ వేస్తే విండో సైజుకు తగ్గట్టు రెజల్యూషన్‌ మారుతుంది, రెండు వైపులా కాపీ పేస్ట్‌ పనిచేస్తుంది. కానీ వీడియో ఫుల్‌ స్క్రీన్‌లో తడబడుతుంది, త్రీడీ పనులకు ఇది పనికిరాదు. రెండో గ్రాఫిక్స్‌ కార్డు ఉంటే దాన్ని విఎఫ్‌ఐఓ ద్వారా నేరుగా లోపలికి ఇవ్వవచ్చు. అది వేరే సాధన, వేరే ఖర్చు. ఆటల కోసమే అయితే, మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్లు కొన్ని వర్చువల్‌ మెషీన్‌ అని పసిగట్టి ఆటనే తెరవనివ్వవు కాబట్టి, ఆ పని మీద రీస్టార్ట్‌ చేసుకోవడమే మేలు.

యాక్టివేషన్‌ విషయంలో ఎవరూ ఎవరికీ మాట ఇవ్వలేరు. డిజిటల్‌ లైసెన్సు హార్డ్‌వేర్‌కు ముడిపడి ఉంటుంది, వర్చువల్‌ మెషీన్‌ దాని కంటికి మరో కంప్యూటరు. కంప్యూటరుతో పాటు వచ్చిన కీ ఫర్మ్‌వేర్‌లోని ఎంఎస్‌డిఎం పట్టికలో ఉంటుంది. ఆ పట్టికను లోపలికి చూపించే మార్గం క్యూఎమూలో ఉన్నా, అలా వాడుకోవచ్చా లేదా అన్నది మీ లైసెన్సు షరతుల్లో చదివి తేల్చుకోవలసిన సంగతి. మెషీన్‌ గుర్తింపు సంఖ్య యుయుఐడిని, నెట్‌వర్క్‌ కార్డు మ్యాక్‌ అడ్రసును ఒకసారి నిర్ణయించాక మార్చకుండా ఉంచితే కనీసం ప్రతిసారీ కొత్త కంప్యూటరులా కనిపించదు. నేను వాడే అకౌంటింగ్‌ ప్రోగ్రామ్‌ అయితే తన లైసెన్సు రెండో కంప్యూటరులో నడుస్తోందని మొండికేసింది. దాని తయారీదారులకు రెండు ఉత్తరాలు రాశాకే దారికి వచ్చింది.

విండోస్‌ నడుస్తుండగా లినక్స్‌ ఫైల్‌ మేనేజర్‌ పక్కపట్టీలో అదే డిస్కు అమాయకంగా కనిపిస్తూ, నొక్కితే మౌంట్‌ అవుతానంటుంది. విర్ట్‌ మేనేజర్‌ దాన్ని దాచదు. ఇంత చేసిన సాఫ్ట్‌వేర్‌ ఆ ఒక్క హెచ్చరిక ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు. ఆ డిస్కును పట్టించుకోవద్దని యుడెవ్‌ నియమం ఒకటి రాసి దాన్ని కళ్ళ ముందు నుంచి తప్పించాను. ఫైళ్ళ మార్పిడికి సాంబా షేర్‌ ఒకటి పెట్టుకున్నాను.

నెలకు ఒకటి రెండుసార్లు విండోస్‌ను నేరుగా బూట్‌ చేస్తుంటాను. పాత డ్రైవర్లూ వర్టియో డ్రైవర్లూ పక్కపక్కనే ఉండిపోతాయి, ఏ హార్డ్‌వేర్‌ కనిపిస్తే ఆ డ్రైవరే లేస్తుంది. మొదటిసారి అటూ ఇటూ మారినప్పుడు ‘పరికరాలను సిద్ధం చేస్తున్నాం’ అంటూ రెండు నిమిషాలు నిలబడింది, ఆ తర్వాత ఎప్పుడూ నిలబడలేదు. పెద్ద వెర్షన్‌ అప్‌గ్రేడ్లను మాత్రం వర్చువల్‌ మెషీన్‌లో చేయను, అవి నేరుగా బూట్‌ చేసినప్పుడే. విండోస్‌కు సొంత డిస్కు, బయట ఒక పూర్తి బ్యాకప్‌, ఒక ఆదివారం మధ్యాహ్నం ఉన్నవారు ఈ పనికి నిశ్చింతగా పూనుకోవచ్చు. ఒకే డిస్కును పంచుకుంటున్నవారు ముందు ఇంకో డిస్కు కొనుక్కోవడం మంచిది.