పింక్ షీట్లు: ఎన్‌ఐహెచ్ గ్రాంట్ రివ్యూతో పదమూడేళ్లు

అమెరికాలో వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్‌కి గ్రాంట్ అప్లికేషన్లు పంపడం నేను 2012లో మొదలుపెట్టాను. రీసబ్మిషన్లతో (పోయినదాన్ని సరిదిద్ది మళ్లీ పంపినవాటితో) కలిపి ఇప్పటికి తొమ్మిదింటి ఫలితం తేలింది. మూడు వచ్చాయి, ఆరు పోయాయి. ఏ గ్రాంటుకి ఎన్ని పేజీలు, ఎంత డబ్బు, ఎలా అప్లై చేయాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఒకే ఒక్క దాని గురించి. రివ్యూ అయ్యాక మన చేతికొచ్చే కాగితం, సమరీ స్టేట్‌మెంట్. ఒకప్పుడు దాన్ని గులాబీ రంగు కాగితం మీద అచ్చు వేసేవారు. అందుకే మా డిపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘పింక్ షీట్లు వచ్చాయా?’ అనే అడుగుతారు. నా రోజులకి అది పీడీఎఫ్ అయిపోయింది, పేరు మాత్రం పోలేదు.

ఆ కాగితమంటే నాకు చాలా ఇష్టం. ఓడిపోయిన వాళ్లకి కూడా ఇస్తారు కాబట్టి ఇష్టం.

మొదటిసారి పంపింది రెండేళ్ల చిన్న గ్రాంటుకి, ఆరు పేజీలు. కొన్ని నెలల తర్వాత ఎన్‌ఐహెచ్ వెబ్‌సైట్ ఈఆర్ఏ కామన్స్‌లో లాగిన్ అయి చూస్తే స్కోరు ఉండాల్సిన చోట ఎన్‌డీ అని ఉంది. నాట్ డిస్కస్డ్. అప్లికేషన్లని చర్చించే కమిటీ మీటింగ్‌కి ముందే, రివ్యూయర్లు (అదే రంగంలోని వేరే పరిశోధకులు) వేసిన మార్కులు చూసి, దాదాపు కింది సగాన్ని పక్కన పెట్టేస్తారు. మీటింగ్‌లో వాటి ఊసే రాదు. నాది ఆ సగంలో పడింది. ఆ రోజు ఇంట్లో కూడా చెప్పలేదు. అంతకుముందు ఏడాది వేరే ఒక సంస్థకి ప్రపోజల్ పంపితే, ఈసారి పోటీ ఎక్కువగా ఉందంటూ రెండు లైన్ల మెయిల్ వచ్చింది. ఎందుకు వద్దనుకున్నారో చెప్పమంటే ఆ వివరాలు ఇవ్వడం కుదరదన్నారు. ఇదీ అలాగే ముగుస్తుందనుకున్నాను.

కొన్ని వారాలకి పీడీఎఫ్ వచ్చింది. చర్చకే నోచుకోని నా ఆరు పేజీల మీద ముగ్గురు విడివిడిగా రాసిన విమర్శలు అందులో ఉన్నాయి. అంశాల వారీగా 1 నుంచి 9 దాకా మార్కులు. మన పరీక్షలకి తలకిందుల లెక్క, 1 అంటే అద్భుతం. ఒకరు నా పద్ధతికి 7 వేశారు. ఎందుకు 7 వేశారో కిందే రాశారు. నా సొంత ప్రొఫెసర్ కూడా నా పనిని అంత ఓపిగ్గా చదవలేదు. ఆ రాత్రి దాన్ని మూడుసార్లు చదివాను.

ఇక అసలు కథ 2015ది.

నేను పుట్టి పెరిగింది ఉద్దానంలో. శ్రీకాకుళం జిల్లాలో జీడితోటలు, కొబ్బరితోటలు ఉండే ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి తెలుగువాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు తోటల కూలీల్లోనూ అలాంటిదే కనిపిస్తోంది. షుగరు, బీపీ లేని వాళ్ల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయి, అందులో ఎండ పాత్ర ఎంత అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. నేను ఆ ప్రశ్న పట్టుకుని కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో పొలం పనివాళ్ల మీద స్టడీ చేద్దామనుకున్నాను. ఫిబ్రవరి 5 గడువుకి ఆర్‌01 అనే పెద్ద గ్రాంటుకి పంపాను.

నా ప్లాన్ ఇదీ. సాయంత్రం పని ముగించుకుని కూలీలు వ్యాన్ల దగ్గరికి వస్తారు కదా, అక్కడే రక్తం తీసి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ చూడాలి. వాళ్లు పని మానుకుని క్లినిక్‌కి రానక్కర్లేదు, ఆ రోజు కూలి పోదు, ఎక్కువ మంది దొరుకుతారు. మొత్తం పన్నెండు పేజీల్లో నేను బాగా గర్వపడిన ముక్క అదే.

జూన్‌లో మీటింగ్ అయిన మూడు రోజులకి స్కోరు వచ్చింది, 42. ఇక్కడ 10 అన్నిటికంటే మేలు, 90 అన్నిటికంటే కింద. చర్చకైతే వచ్చింది కానీ డబ్బు వచ్చే స్కోరు కాదు. జూలైలో పీడీఎఫ్ తెరిస్తే రెండో రివ్యూయర్ సరిగ్గా నేను గర్వపడిన చోటే వేలు పెట్టారు. రోజంతా ఎండలో వంగి పని చేసిన మనిషికి సాయంత్రం రక్తం తీస్తే ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ ఎలాగూ పెరిగి ఉండొచ్చు. కష్టమైన పనికి కండరాల వల్ల కూడా పెరగొచ్చు. దాన్నీ, అసలు జబ్బునీ ఎలా విడదీస్తారు? దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే మూడు నెలలకి పైగా ఆ తేడా నిలిచి ఉండాలి కదా, ఒక్కసారి తీసి ఎలా తేలుస్తారు? తప్పు చూపించి ఊరుకోలేదు. పొద్దున పనిలోకి దిగక ముందు ఒకసారి, పని అయ్యాక ఒకసారి, సీజన్ అయిపోయి కొన్ని నెలలు గడిచాక మరోసారి తీయండి, కండరాల మీద అంతగా ఆధారపడని మరో కిడ్నీ పరీక్ష, సిస్టాటిన్ సి కూడా చూడండి అని దారి కూడా చెప్పారు.

చదువుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో జీడిపిక్కలు ఏరడానికి తెల్లారకుండానే తోటకి పోయేది. పట్టుకెళ్లిన నీళ్లు పది గంటలకే అయిపోయేవి. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే కూలబడి, చెంబుడు నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగి, ఇంకో చెంబు తెమ్మనేది. ఒంటేలు పచ్చగా, మంటగా వస్తోందని పక్కింటావిడతో చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. ఇంత చూసినదాన్ని, ఆ వేళకి రక్తం తీయాలని నా చేత్తో నేనే రాశాను. నేనెవరో తెలియని, ఉద్దానం పేరైనా విని ఉంటారో లేదో తెలియని మనిషి ఆ సాయంత్రాన్ని నా డిజైన్‌లో చూశారు. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ నాకు తెలీదు. కమిటీలో ఎవరెవరున్నారో జాబితా ఇస్తారు గానీ, ఏ విమర్శ ఎవరిదో చెప్పరు.

నవంబర్ 5కి మళ్లీ పంపాను. రీసబ్మిషన్‌కి ముందు ఒక పేజీ జవాబు రాయాలి. ఆ పేజీలో సగం రెండో రివ్యూయర్‌కే పోయింది. ఈసారి స్కోరు 24. 2016 జూలైలో డబ్బు వచ్చింది.

ఆ తర్వాత ఎండాకాలం మా టీమ్ తెల్లవారుజామున నాలుగున్నరకి పొలాల దగ్గర టేబుల్ వేసుకుని కూర్చునేది. సాయంత్రం మళ్లీ అక్కడే. మొదటి వారంలోనే ఒకాయన రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూశాను. సాయంత్రంది చూస్తే కిడ్నీలు దెబ్బతిన్నాయనే అంటారు. మర్నాడు పొద్దున తీసింది మామూలుగా ఉంది. ఆయన ఒక్కరే కాదు, అలాంటివాళ్లు ఇంకా తగిలారు. పాత డిజైన్‌తో పోయి ఉంటే వాళ్లందరినీ కిడ్నీ రోగుల లెక్కలో రాసేసేదాన్ని. నీ కిడ్నీలు పాడయ్యాయి అన్న మాట పడిన ఇంట్లో ఏమవుతుందో మా ఊళ్లో చూసిన దాన్ని. అందుకే ఆ రెండు పేరాలు రాసిన మనిషికి నేను రుణపడి ఉన్నాను.

2018లో నన్ను రివ్యూయర్‌గా పిలిచారు. లోపల ఏ అప్లికేషన్ గురించి ఏం మాట్లాడుకున్నారో బయట చెప్పకూడదు, చెప్పను. పద్ధతి మాత్రం అందరికీ తెలిసిందే. ఒక్కో అప్లికేషన్‌ని సాధారణంగా ముగ్గురికి ఇస్తారు. ముందు ఆ ముగ్గురూ తమ మార్కులు చెప్పి, ఎందుకో చెప్తారు. తర్వాత మిగతావాళ్లు అడుగుతారు. అప్లికేషన్ పెట్టిన వాళ్లతో సంబంధమున్న వాళ్లు ఆ కాసేపు గది బయట ఉండాలి. చివరికి అందరూ, చదవని వాళ్లతో సహా, ఎవరికి వారు స్కోరు వేస్తారు. ముగ్గురి మార్కుల పరిధి దాటి వేసేవాళ్లు ఆ సంగతి చెప్పి మరీ వేయాలి. జరిగిన చర్చనంతా కలిపి ఒక పేరాగా రాసేది మీటింగ్ నడిపే ఆఫీసర్. కాగితంలో నేను ముందుగా చదివేది ఆ పేరానే. ఎందుకంటే విడి విమర్శలు మీటింగ్‌కి ముందు రాసినవి. గదిలో ఎవరి మాట నెగ్గిందో ఆ పేరాలోనే తెలుస్తుంది. కొత్తగా అప్లై చేసేవాళ్లు చాలామంది దాన్ని దాటేసి నేరుగా మార్కుల దగ్గరికి పోతారు. అలా చేయకండి.

నాకు ఇచ్చిన ఒక్కో అప్లికేషన్‌కి రెండు మూడు రాత్రులు పట్టేది. ఇచ్చే గౌరవ వేతనం నామమాత్రం. 2015 జూలై గుర్తుండబట్టి, పక్కన పడిపోతుందని తెలిసినవాటికి కూడా ఒక్క మాటైనా పనికొచ్చేది రాయాలని చూశాను. రివ్యూయర్లు ఈ పనికి ఏఐ టూల్స్ వాడకూడదని 2023లో ఎన్‌ఐహెచ్ ఖచ్చితంగా చెప్పింది. గోప్యత కోసమే పెట్టిన నియమం గానీ, విమర్శ మనిషే చదివి రాసింది కావాలని కోరుకునే నాలాంటివాళ్లకి అది సంతోషమే.

2012లో వచ్చిన ఆ మొదటి పీడీఎఫ్‌ని ఈమధ్య మళ్లీ తీశాను. అప్పట్లో నిధి దొరికినట్టు అనిపించింది. ఇప్పుడు చూస్తే ముగ్గురిలో ఒకరు రాసింది నాలుగు బుల్లెట్లు. అందులో రెండు నా వాక్యాలే, కాస్త అటూ ఇటూ మార్చి రాసినవి. చర్చకి రాలేదు కాబట్టి ఆఫీసర్ రాసే పేరా కూడా లేదు. ఆరోజు అంత సంతోషం కలగడానికి, అంతకుముందు వచ్చిన రెండు లైన్ల మెయిల్ కూడా ఒక కారణమేమో.

రీసబ్మిషన్ మళ్లీ అదే ముగ్గురికి వెళ్తుందన్న గ్యారంటీ కూడా లేదు. పోయినసారి ఒకరు చేర్చమన్నదాన్ని ఈసారి ఇంకొకరు ఎందుకు చేర్చారని అడగవచ్చు. దీని మీద పరిశోధన కూడా ఉంది. 2018లో పీఎన్‌ఏఎస్ అనే పరిశోధన పత్రికలో వచ్చిన ఒక పేపర్ కోసం 43 మంది రివ్యూయర్లకి 25 ఎన్‌ఐహెచ్ అప్లికేషన్లు ఇచ్చి చూశారు. ఒకే అప్లికేషన్ చదివిన వాళ్ల మధ్య దాదాపు ఏకాభిప్రాయమే లేదు. అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు డబ్బు వచ్చిన అప్లికేషన్లే అన్నది గుర్తుంచుకోవాలి. బాగున్నవాటిలో ఏది ఇంకా బాగుందో చెప్పడం అంత కష్టం. దానికి ముందు 2015లో ‘సైన్స్’ పత్రికలో, 1980 నుంచి 2008 దాకా డబ్బిచ్చిన లక్షా 30 వేలకు పైగా ప్రాజెక్టులు చూసి, మంచి స్కోరు వచ్చినవాటి నుంచి ఎక్కువ పేపర్లు, ఎక్కువ సైటేషన్లు (వాటిని ఇతరులు ఉదహరించడం) వచ్చాయని తేల్చారు. రెండూ నిజమే అనుకుంటాను. అందుకే నేను ఇప్పుడు స్కోరుని అంతగా నమ్మను, విమర్శనే నమ్ముతాను. నల్లజాతి పరిశోధకులకి గ్రాంట్ వచ్చే అవకాశం, చదువు, అనుభవం లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, తెల్లవారి కంటే 10 శాతం పాయింట్లు తక్కువని 2011లో అదే పత్రికలో వచ్చింది. అప్పటికి నేను ఎన్‌ఐహెచ్‌కి ఇంకా ఒక్క అప్లికేషన్ కూడా పంపలేదు. రివ్యూ ఎంత మంచిదని పొగుడుతున్నా ఆ సంఖ్యని మాత్రం మర్చిపోలేను.

2025 జనవరి 25 నుంచి ఉన్న గడువులకి మార్కుల పద్ధతి మారింది. పరిశోధకులు ఎవరు, సంస్థ ఏది అన్నవాటికి ఇక అంకెలు వేయరు, సరిపోతాయా లేదా అని మాత్రం చెప్తారు. చిన్న యూనివర్సిటీలో ఉన్న నాకు ఈ మార్పు నచ్చింది. అయితే అదే ఏడాది మొదట్లో మీటింగ్‌లు కొన్ని వారాలు ఆగిపోయాయి. అప్పటికే ఇచ్చిన గ్రాంట్లు వందల సంఖ్యలో రద్దయ్యాయి. ఇక్కడి గ్రాంటులో కొంత విదేశీ సంస్థలకి సబ్‌అవార్డుగా పంపే దారి మేలో మూసేశారు, దాని బదులు వేరే ఏర్పాటు వస్తుందన్నారు. శ్రీకాకుళంలో ఉన్నవాళ్లతో కలిసి ఒక ప్రపోజల్ రాద్దామనుకున్న నాకు ఇది పెద్ద దెబ్బ. విమర్శ ఎంత బాగా రాసినా, దాని వెనక డబ్బు స్థిరంగా లేకపోతే ఏం చేసుకోవాలి? సెప్టెంబర్ 25 నుంచి ఒకరు ఏడాదికి ఆరు అప్లికేషన్లకి మించి పెట్టకూడదన్న నియమం కూడా వచ్చింది. నేను ఏడాదికి ఒకటి రెండుకి మించి రాయలేను కాబట్టి నాకు తేడా లేదు, పెద్ద ల్యాబ్‌లకి ఉంటుంది.

ఈ ఎన్‌ఐహెచ్ దారి మీకు పనికొస్తుందా అంటే, అది మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. నా జీతంలో ఎక్కువ భాగం యూనివర్సిటీయే ఇస్తుంది. పంపిన రోజు నుంచి డబ్బు వచ్చేసరికి తొమ్మిది నెలలు, ఒకసారి పోయి మళ్లీ పంపితే నాకు పట్టినట్టు ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్లు నేను ఆగగలిగాను. జీతం మొత్తం గ్రాంట్ల మీదే ఉన్నవాళ్లకి ఈ కాగితం ఎంత మంచిదైనా అద్దె కట్టదు. వాళ్లు నా మాట విని దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. వీసా మీద ఉన్న మన పిల్లలు ఒకటి గమనించాలి. ఆర్‌01కి అప్లై చేసేది సంస్థ కాబట్టి మీ వీసా అడ్డు రాదు. కెరీర్ మొదట్లో ఇచ్చే అవార్డుల్లో చాలావాటికి సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో కావాలి. వాటిలో కే99 అనేదానికి మాత్రం అక్కర్లేదు, కానీ దానికి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) ఏళ్ల పరిమితి ఉంది. ముందే చూసుకోండి.

నాది ఒకటి ఇప్పుడు రివ్యూలో ఉంది. ఈసారి పొద్దున, సాయంత్రం రెండుపూటలా రక్తం తీస్తామని మొదటి పేజీలోనే రాశాను. స్కోరు వచ్చాక ఎలా ఉన్నా, పీడీఎఫ్ వచ్చేదాకా ఆ ఫైల్ మళ్లీ తెరవను.