అమృతాంజనం: బామ్ గురించి కొంత, పంతులు గారి గురించి ఇంకాస్త

తలనొప్పికి ఏ బామ్ మంచిదని ఎవరడిగినా నేను అమృతాంజనమే చెప్తాను, అదీ పాత పసుపుపచ్చ బామే. ఇప్పుడు రోల్-ఆన్ కూడా వచ్చింది, ఆఫీసులోనో బస్సులోనో ఉన్నప్పుడు అదే సుఖం, చేతికి అంటదు. కానీ రాత్రి పడుకునే ముందు సీసా మూత తిప్పి, వేలి కొసతో పెసరగింజంత తీసి, కణతల మీద గుండ్రంగా, నెమ్మదిగా రాసుకుంటే వచ్చే హాయి రోల్-ఆన్‌తో రాదు. సగం గుణం ఆ మర్దనలోనే ఉందని నా నమ్మకం.

పనిచేస్తుందా అంటే, చేస్తుంది, దాని హద్దుల్లో. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం, గంధపూర తైలం, వీటి ఘాటే అంతా. రాయగానే చల్లగా ఉంటుంది గానీ చర్మం నిజంగా చల్లబడదు, చల్లదనాన్ని కనిపెట్టే నరాలను మెంథాల్ తట్టి లేపుతుంది, ఆ హడావిడిలో నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది. కాసేపటికి వెచ్చదనం వస్తుంది. నిద్ర చాలకో, ఎండకో, స్క్రీన్ ముందు కూర్చుని కూర్చునో వచ్చిన తలనొప్పికి ఇది చాలు. రోజుల తరబడి వదలని నొప్పికి, చూపు మసకబారే నొప్పికి బామ్ రాసుకుంటూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంకోటి, కర్పూరం ఉన్న ఏ బామూ రెండేళ్ల లోపు పిల్లలకి రాయకూడదు, ముక్కు దగ్గర అసలే వద్దు. కళ్ల దగ్గరికి, తెగిన చోటికి పోనివ్వకండి, రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇక దీన్ని తయారుచేసిన మనిషి గురించి. ఈ రివ్యూ రాయాలనిపించిందే అందుకు. మా తర్వాతి తరం పిల్లలకి అమృతాంజనం తెలుసు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు తెలీదు. నాకది బాధగా ఉంటుంది.

ఆయనది కృష్ణా జిల్లా ఎలకుర్రు. 1867లో పుట్టారు. బతుకుతెరువు కోసం బొంబాయి వెళ్లి, 1893లో అక్కడ అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందు, కొత్త పేరు, ఎవరు కొంటారు? సంగీత కచేరీలకి వచ్చిన జనానికి ఊరికే పంచారట. గంటల తరబడి సాగే కచేరీలు, కిక్కిరిసిన జనం, తల పట్టేసే చోటు అంటే అదే కదా! రాసుకున్నవాళ్లకి గుణం కనిపించింది, ఆ తర్వాత కొనుక్కున్నారు. వ్యాపారం తెలిసిన మనిషే, అందులో సందేహం లేదు. కానీ వచ్చిన డబ్బుతో ఆయన ఏం చేశారో చూడండి.

1907లో సూరత్ కాంగ్రెస్ మహాసభ చూసొచ్చాక తెలుగువాళ్లకి మంచి పత్రిక ఉండాలనుకుని, 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలుపెట్టారు. తెలుగునేలకి అంత దూరంలో కూర్చుని తెలుగు పత్రిక నడపడం ఎంత తలనొప్పో ఊహించుకోండి. 1914లో మద్రాసుకి తెచ్చి దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక, 1926లో పుస్తకాలు వేసే ఆంధ్ర గ్రంథమాల. కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలుపెట్టిన తెలుగు ఎన్‌సైక్లోపీడియా, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం, 1923లో ఆయన పోయాక ఆగిపోతే, ఆ పని కూడా పంతులు గారు నెత్తినేసుకున్నారు. విజ్ఞాన సర్వస్వం వేసి లాభం చేసుకున్నవాడు ఎవరున్నారు చెప్పండి? డబ్బు తిరిగి రాదని తెలిసీ పెట్టారు. నాకు ఆయన మీద గౌరవం అక్కడ పెరిగింది. గుడికి ఇచ్చినా, సత్రం కట్టినా గోడ మీద పేరుంటుంది. ఒక పదానికి అర్థమో, ఒక రాజు చరిత్రో వెతుక్కునే చదువరికి డబ్బిచ్చిందెవరో ఎప్పటికీ తెలీదు, అలాంటి చోట పెట్టారు ఆయన.

గ్రంథాలయోద్యమానికి ఇచ్చారు, కవులకిచ్చారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లారు. ఆంధ్ర రాష్ట్రం కోసం కలిసి నడవాలని కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని 1937 నవంబరులో ఒప్పందం చేసుకున్నది మద్రాసులోని ఆయన ఇంట్లోనే, ఆ ఇంటి పేరుతోనే శ్రీబాగ్ ఒడంబడిక అయింది. ఆ తర్వాత ఐదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న పోయారు. దేశోద్ధారక, విశ్వదాత అని జనం పిలిచారు. చెన్నై మైలాపూర్‌లో ఆయన పేరున నాగేశ్వరరావు పార్కు ఉంది, రోజూ అందులో నడిచేవాళ్లలో ఎంతమంది ఆ పేరు ఎవరిదని ఆగి అడుగుతారో!

ఆయన తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికని, వ్యాపారాన్ని నడిపారు. ఆంధ్రపత్రిక 1991లో మూతపడింది, భారతి కూడా ఆగిపోయింది. బామ్ నిలిచింది, బామ్ డబ్బుతో నడిచినవి నిలవలేదు. ఇది తలుచుకుంటే నాకు కడుపులో తిప్పినట్టుంటుంది. పాత భారతి సంచికలు చాలావరకు స్కాన్ అయి నెట్‌లో దొరుకుతున్నాయి, ఒక్కటి తెరిచి చూడండి. చరిత్ర, శాసనాలు, కథలు, పుస్తకాల మీద వాదనలు, ఆ కాలపు తెలుగు మేధావులు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

బామ్‌కి ఐదులో నాలుగిస్తాను. ఘాటు పడనివాళ్లకి ఇది నచ్చదు, పక్కన పడుకున్నవాళ్లకీ ఇబ్బందే, అందుకే ఒకటి తగ్గించాను. పంతులు గారికి మార్కులు వేసేంతటివాణ్ణి కాదు. కొనేటప్పుడు చిన్న సీసా తీసుకోండి, తేదీ చూసుకోండి, వాడిన ప్రతిసారీ మూత గట్టిగా బిగించండి, లేకపోతే సగం సీసా ఉండగానే ఘాటు తగ్గిపోతుంది.