రెండు పాటల క్యాసెట్: టైమ్‌గూల్ 1994 డెమో

గర్జన లాంటి గొంతుతో, బరువైన గిటార్లతో సాగే రాక్ సంగీత శాఖ డెత్ మెటల్ అనగానే మన దగ్గర వినేవారికి అమెరికాలో ఫ్లోరిడాలోని టాంపా నగరం, అక్కడి మారిసౌండ్ స్టూడియోలో తయారైన ఆల్బమ్‌లు గుర్తుకొస్తాయి. అదే కాలంలో, ఆ సందడికి చాలా దూరంగా, మిజోరీ రాష్ట్రానికి చెందిన టైమ్‌గూల్ అనే బృందం రెండు డెమోలు (ఆల్బమ్‌కు ముందు నమూనాగా చేసే చిన్న రికార్డింగులు) మాత్రమే విడుదల చేసి, పూర్తి ఆల్బమ్ ఒక్కటీ తీసుకురాకుండానే కనుమరుగైంది. 1992 నాటి 'టమల్చువస్ ట్రావెలింగ్స్'లో నాలుగు పాటలు, 1994 నాటి 'పానరామిక్ ట్వైలైట్'లో రెండే పాటలు ఉన్నాయి. నేను రాస్తున్నది ముఖ్యంగా ఆ రెండో డెమో గురించి. ఆ దశాబ్దంలో పెద్ద కంపెనీల అండతో వచ్చిన ఎన్నో ఆల్బమ్‌ల కన్నా స్వరరచనలో ఇది లోతైనదని నా దృఢమైన అభిప్రాయం.

మొదటి పాట పేరు 'అకరెన్స్ ఆన్ మైమాస్'. మైమాస్ శనిగ్రహానికి ఉన్న చిన్న ఉపగ్రహం. దాని అడ్డుకొలతలో దాదాపు మూడో వంతు వెడల్పున్న గుంత ఒకటి దాని మీద ఉంది. 1789లో దాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్ ఆకాశం వైపు చూపు తిప్పకముందు ఆర్గన్ అనే వాద్యం వాయించి, సంగీతం రచించి బతికినవాడు. ఈ సంగతి తెలిశాక ఆ పాట పేరు నాకు మరింత ఇష్టమైంది. బృందానికి గాయకుడు, గిటారిస్టు, ప్రధాన రచయిత అయిన జెఫ్ హేడెన్ ఇందులో రక్తపాతాన్ని వదిలి అంతరిక్షాన్ని వస్తువుగా తీసుకున్నాడు. కడుపులోంచి వచ్చే గర్జన మధ్యలో ఆగి, ఆ స్థానంలో మంత్రపఠనంలా దీర్ఘంగా సాగే స్పష్టమైన గానం వినిపించినప్పుడు, కపిలతీర్థం రోడ్డులోని నా గదిలో రాత్రి పూట హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్న నేను, పాటను వెనక్కి తిప్పి ఆ భాగాన్నే నాలుగుసార్లు విన్నాను.

పల్లవికి పదే పదే తిరిగివచ్చే పద్ధతిని ఈ పాటలు నమ్ముకోవు. ఒక గిటార్ వరుస మీద చెవి కుదురుకునేలోపే వేగం మారుతుంది, లెక్క మారుతుంది. అయినా ముక్కలు అతికించినట్టు ఉండదు, ఎందుకంటే ప్రతి మలుపూ అంతకు ముందున్న వరుసలోంచే పుడుతుంది. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో మృదంగం నేర్చుకున్న మిత్రుడొకరికి రెండో పాట 'బాయిలింగ్ ఇన్ ది అవర్‌గ్లాస్' వినిపించాను. డెత్ మెటల్ ఆయనకు బొత్తిగా కొత్త. మొదట ముఖం చిట్లించినా, కాసేపటికి మోకాలి మీద లెక్క వేస్తూ, "ఇది తాళం తప్పడం కాదన్నా, నడక మారుస్తున్నారు, తెలిసే మారుస్తున్నారు" అన్నారు. ఆ మాటే ఈ సంగీతానికి సరైన ప్రవేశిక అని నాకు తోచింది.

రికార్డింగులో లోపాలున్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. శబ్దం గరుకుగా ఉంటుంది, కొన్ని చోట్ల బేస్ గిటార్ పూర్తిగా అడుగున పడిపోతుంది, వేగం పెరిగినప్పుడు వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వాటిని విడదీసుకోవడానికి రెండు మూడు సార్లు వినవలసి వస్తుంది. ఖర్చుకు వెనుకాడని స్టూడియోలో ఇవే పాటలు ఎలా పలికి ఉండేవోనన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తిరుపతిలో ఏ దుకాణంలోనూ ఇది నాకు దొరకలేదు. 2012లో డార్క్ డిసెంట్ రికార్డ్స్ సంస్థ రెండు డెమోలనూ కలిపి ఒకే సంకలనంగా విడుదల చేసింది కనుక, పాత క్యాసెట్ల కోసం వెతకనక్కరలేదు. అందులో పాటలు కాలక్రమంలో ఉంటాయి గాని, కొత్తవారు చివరి రెండింటితో మొదలుపెట్టి, ఆ తర్వాతే 1992 నాటి 'రెయిన్ వూండ్', 'గట్‌స్పాన్' వైపు వెళ్లాలని నా సూచన. అలా వింటే, తొలి డెమోలోని మోటుదనం వెనుక ఇదే బుద్ధి అప్పటికే పనిచేస్తూ ఉండటం స్పష్టంగా వినిపిస్తుంది.