శాసనాల స్టైల్‌షీట్లలో మార్పుల లెక్క: ఫైల్లో నోట్సా, సబ్‌వర్షనా, గిట్టా? ఏది మేలు?

నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. కందుకూరు, దర్శి, పొదిలి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి. ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. కాబట్టి రెండు జిల్లాల వాళ్లకూ అది ఇంటి పుస్తకమే. ఇలాంటి శాసనాలను వెబ్ పేజీలుగా పెట్టాలంటే ముందు పాఠాన్ని ఎపిడాక్ (శాసన పాఠాల కోసం ఉన్న ప్రమాణం) పద్ధతిలో ఎక్స్ఎంఎల్‌గా, అంటే ఏ భాగం ఏమిటో చెప్పే ట్యాగులతో గుర్తు పెట్టి, ఎక్స్ఎస్ఎల్‌టీ స్టైల్‌షీటుతో, అంటే ఏ ట్యాగు ఎలా కనిపించాలో చెప్పే ఫైలుతో పేజీలుగా మారుస్తారు.

అసలు టెన్షన్ ఆ స్టైల్‌షీటు దగ్గరే. రాయి చితికి అక్షరాలు పోయిన చోట పండితుడు ఊహించి పూరించిన భాగం చదరపు కుండలీకరణాల్లో కనిపించాలి. దాన్ని తేల్చేది 'సప్లయిడ్' ట్యాగుకు రాసిన నాలుగైదు లైన్ల టెంప్లేట్. పేజీ అందంగా లేదని ఎవరైనా ఆ కుండలీకరణాలు తీసేస్తే, పండితుడి ఊహ రాతి మీది మాటగా చెలామణీ అవుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలియకపోతే ఆ తప్పును పట్టుకోవడం కష్టం.

ఫైలు మొదట్లో తేదీ, పేరు, మార్పు రాసుకోవడం చాలామందికి అలవాటు. ఫైలు ఎక్కడికి పోతే నోట్సూ అక్కడికి పోతుంది, అది మంచిదే. కానీ మనిషి గుర్తుపెట్టుకుని రాసిందే అందులో ఉంటుంది, నిజంగా మారింది కాదు.

ఫైళ్లలో ఎక్కించిన ప్రతి మార్పునూ పేరు, తేదీతో సహా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్లు సబ్‌వర్షన్, గిట్. వాటిలో సబ్‌వర్షన్ 1.0 2004లో వచ్చింది. దాన్ని పాతదని కొట్టేయలేం. ప్రాజెక్టు మొత్తంలో మార్పులకు ఒకే వరుస నంబర్లు, "412 చూడండి" అని ఫోన్లో చెబితే సరిపోతుంది. పెద్ద పెద్ద ఎస్టాంపేజీ (శాసనం మీద కాగితం అద్ది తీసిన అచ్చు) ఫొటోలున్నా అది మనకు ఇచ్చేది ప్రస్తుత ప్రతినే. గిట్ మామూలుగా పాత ప్రతులన్నీ కూడా దించుతుంది. సబ్‌వర్షన్‌తో చిక్కల్లా కమిట్ చేయాలంటే, అంటే మార్పును చరిత్రలోకి ఎక్కించాలంటే, సర్వర్ అందాలి. ఒకరు కావలిలో, ఒకరు ఒంగోలులో పని చేస్తుంటే, తుఫాను రోజుల్లో నెట్ పోయిందంటే మార్పులన్నీ పోగుపడి చివరికి ఒకే ముద్దగా ఎక్కుతాయి. ఆ ముద్దలో కుండలీకరణం ఏ కారణంతో పోయిందో ఎవరూ చెప్పలేరు.

అందుకే నా ఓటు గిట్‌కే. కరెంటు లేకపోయినా ల్యాప్‌టాప్‌లో ఛార్జి ఉంటే చాలు, ప్రతి చిన్న మార్పూ దాని కారణంతో సహా విడిగా కమిట్ అవుతుంది. 'బ్లేమ్' అడిగితే ఏ లైను ఎవరిదో చెబుతుంది. తెలుగు ఫైళ్లతో రెండు జాగ్రత్తలు. తెలుగు పేరున్న ఫైలును గిట్ '\340\260' లాంటి అంకెలతో చూపిస్తే భయపడకండి, 'కోర్.కోట్‌పాత్' సెట్టింగును ఫాల్స్ చేయండి, పేరు తెలుగులోనే వస్తుంది. రెండోది, ఫైళ్లన్నీ యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలోనే దాచండి. యూటీఎఫ్-16లో ఉంటే గిట్ దాన్ని బైనరీగా లెక్కగట్టి తేడాలు చూపించదు.

అయితే గిట్ అయినా, సబ్‌వర్షన్ అయినా స్టైల్‌షీటులో ఏ లైను మారిందో చెబుతుంది గానీ పేజీల్లో ఏం మారిందో చెప్పదు. దానికి కొన్ని నమూనా శాసనాలు ఎంచుకోండి: బాగా చితికినదొకటి, రాగిరేకు ఒకటి, తెలుగు వచనం ఒకటి, సంస్కృత శ్లోకం ఒకటి. వాటి హెచ్‌టీఎంఎల్ పేజీలను కూడా గిట్‌లోనే పెట్టండి. స్టైల్‌షీటు ముట్టుకున్న ప్రతిసారీ వాటిని మళ్లీ తయారుచేసి తేడా చూడండి. కుండలీకరణం పోయి ఉంటే నమూనా పేజీ తేడాలో వెంటనే బయటపడుతుంది. స్టైల్‌షీటునూ నమూనాలనూ ఒకే కమిట్‌లో ఎక్కించండి.

ఫొటోలను గిట్‌లోకి తేకండి, వేరే చోట ఉంచండి. శాసన పాఠంలో దిద్దుబాట్లు మాత్రం ఆ ఎక్స్ఎంఎల్ ఫైలు హెడర్లోని 'రివిజన్‌డెస్క్' భాగంలో కూడా రాయండి, ఎందుకంటే ఫైలు దించుకున్న పరిశోధకుడి చేతికి మన గిట్ చరిత్ర వెళ్లదు.